పన్నెండంకెల సంఖ్యను విప్పడం: నెల్లూరు పిన్‌కోడ్‌తో కసరత్తు

నెల్లూరు హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్ 524001. దాన్నే పక్కపక్కన రెండుసార్లు రాస్తే 524001524001 వస్తుంది. ఈ పన్నెండంకెల సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏవి, భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, ఇది పరిపూర్ణ వర్గమా కాదా, రెండు వర్గాల మొత్తంగా రాయడానికి వీలవుతుందా అన్నవి తేల్చడానికి కాగితం, పెన్సిలు, కొట్టు బల్ల మీద ఉండే మామూలు క్యాలిక్యులేటర్ చాలు. మధ్యలో ఒంగోలు (523001), కావలి (524201), కందుకూరు (523105) పిన్‌లు కూడా వస్తాయి. ఒక్కోటి ఒక్కో తీరున మొండికేస్తుంది.

పిన్‌కోడ్‌లో గణిత రహస్యం ఏదీ లేదు. ఉత్తరాలు వేరు చేసుకోవడానికి తపాలా శాఖ 1972 ఆగస్టు 15న మొదలుపెట్టిన అంకెలవి. 523 అంటే ఒంగోలు వైపు, 524 అంటే నెల్లూరు వైపు. అందరికీ నోటికి వచ్చిన సంఖ్యలు కనక ఉదాహరణకు హాయిగా ఉంటాయి, అంతే.

ఈ పనిలో చాలామంది చేసే తప్పు ఒకటే. సంఖ్య కనబడగానే 3తో, 7తో, 11తో వరసపెట్టి భాగించడం మొదలుపెడతారు. భాగించే ముందు రెండు నిమిషాలు సంఖ్య ముఖం చూడాలి. ఆ రెండు నిమిషాలు కొన్నిసార్లు వంద భాగహారాలను మిగులుస్తాయి. ఎలాగో కింద లెక్కతో సహా ఉంది.

కామాలు ఎక్కడ పెట్టాలి

మన లెక్కలో ఈ సంఖ్య 5,24,00,15,24,001. చదివితే యాభై రెండు వేల నాలుగు వందల కోట్ల పదిహేను లక్షల ఇరవై నాలుగు వేల ఒకటి. చదవడానికి ఈ కామాలే సరి. సంఖ్య దేనితో నిశ్శేషంగా భాగమవుతుందో చూసే పరీక్షలకు మాత్రం పనికిరావు. కాగితం మీద కుడి చివర నుంచి మూడేసి అంకెలకు ఒక గీత పెట్టి మళ్ళీ రాయండి:

524 | 001 | 524 | 001

దాని కింద రెండేసి అంకెలకు గీతలు పెట్టి ఇంకోసారి:

52 | 40 | 01 | 52 | 40 | 01

గీతలు కుడి నుంచే మొదలవ్వాలి. అంకెల సంఖ్య మూడుకి గుణిజం కానప్పుడు ఎడమ నుంచి మొదలుపెడితే లెక్కంతా పోతుంది. లక్షలు, కోట్ల కామాలు ఉంచుకునే మూడేసి ముక్కల పరీక్ష చేసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకు 24, 15, 00 అనే ముక్కలు వస్తాయి, వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

భాగించకుండానే తేలేవి

ఒకట్ల స్థానంలో 1 ఉంది. కాబట్టి 2, 5 రెండూ కారణాంకాలు కావు. 1తో ముగిసే సంఖ్యను చూస్తే ప్రధాన సంఖ్యేమో అనిపించడం సహజం. నెల్లూరు, ఒంగోలు, కావలి పిన్‌లు మూడూ 1తోనే ముగుస్తాయి. వాటిలో ఒక్కటే ప్రధాన సంఖ్య.

అంకెల మొత్తం 24. మూడుతో పోతుంది, అంటే శేషం మిగలదు; తొమ్మిదితో పోదు. న్యూమరాలజీ వాళ్ళు చేసే కూడిక ఇదే. ఇక్కడ దాని పని 9తో భాగిస్తే శేషం ఎంతో చెప్పడం వరకే: 2+4 = 6, శేషం 6. ఈ ఒక్క ముక్కతోనే ఇంకో విషయం తేలింది. మూడుతో పోయి తొమ్మిదితో పోని సంఖ్య పరిపూర్ణ వర్గం కాలేదు, ఘనం కూడా కాలేదు. వర్గమూలం తీసి చూడనక్కర లేదు.

ఇప్పుడు మూడంకెల ముక్కలు. 1000ని 999తో భాగిస్తే శేషం 1. అదే 1001కి 1000 ఒకటి తక్కువ. అందుకని ముక్కలన్నీ కూడితే 999 వైపు శేషం, కుడి నుంచి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే 1001 వైపు శేషం దొరుకుతాయి. 999 = 27 × 37. 1001 = 7 × 11 × 13. అంటే రెండు చిన్న లెక్కలతో నాలుగు కొత్త ప్రధాన సంఖ్యల సంగతి తేలిపోతుంది.

కూడితే: 524 + 1 + 524 + 1 = 1050. దీన్ని 37తో భాగిస్తే శేషం 14. కనుక 37 కాదు.

మార్చి మార్చి చేస్తే: 1 − 524 + 1 − 524 = −1046. గుర్తు వదిలేసి 1046ని భాగిస్తే 7తో శేషం 3, 11తో 1, 13తో 6. మూడూ కావు.

రెండంకెల ముక్కలకూ ఇదే సూత్రం. కూడితే 99, మార్చి మార్చి చేస్తే 101. ఇక్కడ 01 − 40 + 52 − 01 + 40 − 52 = 0. అంటే 101తో నిశ్శేషంగా పోతుంది. మూడంకెల ప్రధాన సంఖ్య ఒకటి ఇంత సులువుగా చేతికి చిక్కడం కాకతాళీయం కాదు. ఎందుకో తర్వాత చూద్దాం.

మూడేసి అంకెలు దించుకుంటూ భాగించడం

17, 19, 23 లాంటి వాటికి గుర్తుంచుకోదగ్గ సూత్రం ఏదీ లేదు. పుస్తకాల్లో రకరకాల కిటుకులు ఉంటాయి కానీ, ఒక్కో సంఖ్యకు ఒక్కో కిటుకు గుర్తుపెట్టుకునే బదులు నేరుగా భాగించడమే మేలు. క్యాలిక్యులేటర్‌లో ఎనిమిదంకెలే పడితే సంఖ్య మొత్తం కొట్టలేం. అక్కర్లేదు కూడా. ముక్క తీసుకుని భాగించి, శేషం పక్కన తర్వాతి మూడంకెలు దించుకోవాలి.

17తో చూస్తే: 524లో 17 ముప్పై సార్లు పోయి శేషం 14. పక్కన 001 దించితే 14001. దానికి శేషం 10. 524 దించితే 10524, శేషం 1. చివరి 001 దించితే 1001, శేషం 15. పోదు.

19తో చూస్తే: 524లో 27 సార్లు, శేషం 11. 11001ని 19తో భాగిస్తే సరిగ్గా 579, శేషం సున్నా. తర్వాతి ముక్క మళ్ళీ 524: 27 సార్లు, శేషం 11. మళ్ళీ 11001: 579, శేషం సున్నా. కాబట్టి పోయింది.

భాగఫలం రాసేటప్పుడు ఇక్కడే చెయ్యి తప్పుతుంది. 27, 579, 27, 579 అని వరసగా రాసేస్తే 2757927579 అవుతుంది. అది తప్పు. మొదటి ముక్కకు తప్ప మిగతా ప్రతి ముక్కకూ మూడు గడులు నిండాలి: 27 | 579 | 027 | 579. సరైన భాగఫలం 27579027579, అంటే పదకొండు అంకెలు. పన్నెండంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగిస్తే పది లేదా పదకొండు అంకెలే వస్తాయి కాబట్టి అంకెలు లెక్కపెట్టినా ఈ తప్పు దొరకదు. తిరిగి గుణించి చూస్తేనే దొరుకుతుంది.

శేషం క్యాలిక్యులేటర్‌లో తీయాలంటే ఇలా చెయ్యండి: భాగించండి, చుక్కకు ముందున్న భాగాన్ని తీసేయండి, మిగిలిన దశాంశాన్ని మళ్ళీ భాజకంతో గుణించండి. 524201 ÷ 31 = 16909.7096. 0.7096 × 31 = 21.9976, అంటే శేషం 22. ఎప్పుడూ దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించుకోవాలి. 21.99 చూసి 21 అని రాసుకుంటే తప్పు.

ఎక్కడ ఆపాలి

సంఖ్య వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే సరిపోతుందని బళ్ళోనే చెబుతారు. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, కారణాంకం ఒకటి దొరికిన ప్రతిసారీ ఆ హద్దు మారుతుంది. మారిన హద్దుకు మళ్ళీ వర్గమూలం తీసుకోవాలి.

ఒంగోలు పిన్ 523001 తీసుకోండి. దీని వర్గమూలం 723 పైచిలుకు. అక్కడి దాకా 128 ప్రధాన సంఖ్యలున్నాయి. 2, 3, 5 మొదలుకొని 29 దాకా ఏదీ పోదు. 31తో పోతుంది: 523001 = 31 × 16871. ఇప్పుడు చూడాల్సింది 16871నే. దాని వర్గమూలం 129 (129² = 16641, 130² = 16900). చిన్నవి ఎలాగూ పోవని తేలింది కనక మళ్ళీ 31తో మొదలుపెట్టి 127 దాకా చూస్తే చాలు. ఏదీ పోదు. అందువల్ల 16871 ప్రధాన సంఖ్య, లెక్క అయిపోయింది. 128 సంఖ్యల పని 31 సంఖ్యలతో ముగిసింది.

"మళ్ళీ 31తో" అన్నది గమనించండి. ఒకసారి పోయిన ప్రధాన సంఖ్య మళ్ళీ పోవచ్చు. నెల్లూరు రైతులకు పుట్టి అంటే 850 కిలోలు. 850 = 2 × 5 × 5 × 17. అయిదును ఒకసారే రాసి ముందుకు వెళ్తే 170 దగ్గర ఆగిపోతారు.

మన పన్నెండంకెల సంఖ్యను ఈ దారిన నడిపిస్తే:

524001524001 ÷ 101 = 5188133901
5188133901 ÷ 3 = 1729377967
1729377967 ÷ 19 = 91019893
91019893 ÷ 29 = 3138617

ఇక్కడికి వచ్చేసరికి హద్దు 1771కి దిగింది. మొదట్లో అది 7,23,879. అక్కడి దాకా యాభై వేలకు పైగా ప్రధాన సంఖ్యలుంటాయి, చేత్తో అయ్యే పని కాదు. ఇప్పుడు 31 నుంచి పైకి వెళ్తూ ఉంటే 317 దగ్గర పోతుంది: 3138617 = 317 × 9901. మిగిలిన 9901 వర్గమూలం వందకు లోపే. వంద లోపు ప్రధాన సంఖ్యలన్నీ ముందే చూసేశాం కాబట్టి 9901 ప్రధాన సంఖ్యే.

524001524001 = 3 × 19 × 29 × 101 × 317 × 9901

29 దాటాక 317 చేరడానికి 55 ప్రధాన సంఖ్యలు దాటాలి. ఓపిక ఉంటే ఒక సాయంత్రం పని. కానీ ఈ దారి అవసరమే లేదు.

సంఖ్య ముఖం చూడటం

ఒకే ఆరంకెల ముక్క రెండుసార్లు వచ్చింది. అంటే 524001 × 10,00,000 + 524001, అంటే 524001 × 1000001. ఇక 1000001 అంటే 100³ + 1. a³ + 1 = (a + 1)(a² − a + 1) అని తొమ్మిదో తరగతిలోనే వస్తుంది. a దగ్గర 100 పెడితే 101 × 9901. ఏ పిన్‌కోడ్‌ను రెండుసార్లు రాసినా 101, 9901 తప్పకుండా వస్తాయి. రెండేసి ముక్కల పరీక్ష సున్నా చూపించింది ఇందుకే. మూడంకెల ముక్క రెండుసార్లు వస్తే ఆ పాత్ర 1001ది: 524524 అంటే 524 × 7 × 11 × 13.

అందువల్ల నిజంగా విప్పాల్సింది 524001 ఒక్కటే. 3తో పోతే 174667, 19తో పోతే 9193. 9193 వర్గమూలం 95. 29తో పోయి 317 మిగులుతుంది. పావుగంట పని.

ఇక కావలి, 524201. ఇది మొండిది. వర్గమూలం 724 కనక 719 దాకా 128 ప్రధాన సంఖ్యలు ప్రయత్నించాలి. కానీ 724ను వర్గం చేసి చూస్తే 524176. కావలి పిన్‌కు తేడా 25. అంటే

524201 = 724² + 5²

724కు, 5కు ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి రెండు వర్గాల మొత్తాన్ని భాగించే ప్రతి బేసి ప్రధాన సంఖ్యా 4తో భాగిస్తే 1 శేషం ఇచ్చేదే అయ్యుండాలి. ఫెర్మా, ఆయిలర్ అనే గణితజ్ఞుల కాలం నుంచీ తెలిసిన సంగతి ఇది. అంటే 3, 7, 11, 19, 23, 31 లాంటివి 66 సంఖ్యలు ఒక్క దెబ్బకు తప్పుకున్నాయి, 2 ఎలాగూ తప్పుకుంది. మిగిలినవి 5, 13, 17, 29, 37 ... 709 వరకు 61. వాటిలో ఏదీ పోదు. కావలి పిన్ ప్రధాన సంఖ్య. దగ్గర దగ్గరగా వచ్చి తప్పిపోయేవి ఉంటాయి, జాగ్రత్త: 349తో శేషం 3, 353తో భాగిస్తే నాలుగు తక్కువ. ఇలాంటి చోట దశాంశంలో .99 చూసి "పోయింది" అని రాసుకుంటారు. అనుమానం వస్తే గుణించి చూడండి: 353 × 1485 = 524205, 524201 కాదు.

524తో మొదలయ్యే ఆరంకెల సంఖ్యల్లో గణితంలో పేరున్నది ఇంకొకటి ఉంది: 524287. ఇది 2¹⁹ − 1. ఇటలీ దేశస్థుడు కతాల్ది 1588లో దీన్ని ప్రధాన సంఖ్యగా తేల్చాడు. దీనికీ హద్దు 724 కాబట్టి ఆయన దగ్గరున్న 750 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక సరిపోయింది. తర్వాతి కాలంలో తెలిసిన నియమం వాడితే ఆ శ్రమ కూడా ఉండదు. 2¹⁹ − 1 ని భాగించగల ప్రధాన సంఖ్యను 38తో భాగిస్తే 1, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ శేషం రావాలి. 724 లోపు అలాంటివి మూడే ఉన్నాయి: 191, 457, 647. వాటితో శేషాలు వరసగా 183, 108, 217. మూడు భాగహారాలతో లెక్క పూర్తి.

ముఖం చూసే పద్ధతి ఇంకోటి, బేసి సంఖ్యలకు. వర్గమూలం పైన ఉన్న పూర్ణ సంఖ్యతో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గం అవుతుందేమో చూస్తూ పోవాలి. 524001కి:

724² − 524001 = 175
725² − 524001 = 1624
726² − 524001 = 3075

ఏదీ వర్గం కాదు. ఇలా వెళ్తూ ఇరవై ఎనిమిదో ప్రయత్నంలో 751² = 564001. తేడా సరిగ్గా 40000, అంటే 200². కనుక 524001 = 751² − 200² = (751 − 200)(751 + 200) = 551 × 951. వెంటనే 551 = 19 × 29, 951 = 3 × 317 అని విడిపోతాయి. ఈ పద్ధతి కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉంటేనే త్వరగా తేలుతుంది. ఒంగోలు పిన్ మీద ప్రయోగిస్తే నడుము విరుగుతుంది. 31కి, 16871కి మధ్య 8451 దాకా నడవాలి. అందుకని ముప్పై, నలభై అడుగులు వేసి దొరక్కపోతే వదిలేసి మామూలు భాగహారానికి రండి.

విప్పాక చేతికొచ్చేవి

కారణాంకాలు దొరికాయంటే మిగతావన్నీ గుణకారాలే.

భాజకాల సంఖ్య: ప్రతి ప్రధాన కారణాంకం ఎన్నిసార్లు వచ్చిందో చూసి, ఒకటి కలిపి, అన్నిటినీ గుణించాలి. 524001లో నాలుగూ ఒక్కోసారే వచ్చాయి, 2 × 2 × 2 × 2 = 16. పన్నెండంకెల దానికి ఆరు కారణాంకాలు, 64. పదహారూ రాసి చూసుకుందాం: 1, 3, 19, 29, 57, 87, 317, 551, 951, 1653, 6023, 9193, 18069, 27579, 174667, 524001. వర్గమూలం 723కి ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. మొదటిదాన్ని చివరిదానితో, రెండోదాన్ని చివరి నుంచి రెండోదానితో గుణిస్తే ప్రతిసారీ 524001 రావాలి. రాకపోతే జాబితాలో ఏదో జారిపోయినట్టు.

భాజకాల మొత్తం: ఒక్కోసారే వచ్చిన కారణాంకాలకు ఒకటి కలిపి గుణించడమే. 4 × 20 × 30 × 318 = 763200. ఇందులోంచి 524001 తీసేస్తే 239199. అసలు సంఖ్యకంటే బాగా తక్కువ, కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య (తనను తప్ప మిగతా భాజకాల మొత్తం తనకే సమానమయ్యేది) కాదు. పన్నెండంకెల దానికి 763200ని 102తోనూ 9902తోనూ గుణించాలి: 770835052800. కారణాంకం రెండుసార్లు వచ్చిన చోట "ఒకటి కలపడం" చెల్లదు. 5 రెండుసార్లు వస్తే 1 + 5 + 25 = 31 తీసుకోవాలి. 850కి భాజకాల మొత్తం 3 × 31 × 18 = 1674. 3 × 6 × 6 × 18 అని వేస్తే 1944 వస్తుంది, అది తప్పు.

524001తో ఉమ్మడి కారణాంకం లేని, దానికంటే చిన్న సంఖ్యలు ఎన్ని? ఒకటి తగ్గించి గుణించండి: 2 × 18 × 28 × 316 = 318528. నూటికి అరవై పైచిలుకు.

రెండు వర్గాల మొత్తం: నాలుగుతో భాగిస్తే 3 మిగిలే ప్రధాన కారణాంకం బేసి సార్లు వస్తే కుదరదు. నెల్లూరుకు 3, 19 రెండూ అలాంటివే. ఒంగోలుకు 31 అడ్డం. కావలికి కుదిరింది, పైన చూశాం. ప్రధాన సంఖ్య కనక ఆ ఒక్క రకంగానే కుదురుతుంది.

రెండు వర్గాల తేడాగా మాత్రం ఏ బేసి సంఖ్యనైనా రాయవచ్చు. భాజకాల జతలు ఎన్నుంటే అన్ని రకాలు, 524001కి ఎనిమిది. పెద్దదానికి 32, వాటిలో చూడముచ్చటైనది 762001² − 238000².

బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, 524001 రాయడానికి 2¹⁹ దగ్గరుండటం కలిసొచ్చింది. 524287 అంటే పందొమ్మిది ఒకట్లు. తేడా 286 = 256 + 16 + 8 + 4 + 2. ఆ అయిదు స్థానాల్లో ఒకట్లను సున్నాలు చేస్తే 1111111111011100001.

గ.సా.భా.కి కారణాంకాలు కూడా అక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు పిన్‌ల తేడా 1000. రెండిటినీ భాగించేది ఏదైనా తేడానూ భాగించాలి. 1000లో ఉన్నవి 2, 5 మాత్రమే, ఈ రెండు పిన్‌లూ వాటితో పోవు. గ.సా.భా. 1. అందువల్ల క.సా.గు. అంటే రెండిటి లబ్ధమే: 274053047001.

సరిచూసుకోవడం

కారణాంకాలన్నీ మళ్ళీ గుణించడం మంచిదే కానీ పన్నెండంకెల గుణకారంలోనే తప్పు దొర్లుతుంది. ముందు శేషాలు సరిచూడండి. 9తో: 3, 19, 29, 101, 317, 9901 శేషాలు 3, 1, 2, 2, 2, 1. గుణిస్తే 24, అంటే 6. అసలు సంఖ్యకూ 6. సరిపోయింది.

ఇది ఒక్కటే నమ్ముకోకూడదు. 9901ని పొరపాటున 9091 అని రాస్తే అంకెల మొత్తం మారదు, 9 పరీక్షకు తెలియదు. పైగా 9091 కూడా ప్రధాన సంఖ్యే కనక చూపుకు అనుమానం రాదు. అందుకని 11తో కూడా చూడాలి. శేషాలు 3, 8, 7, 2, 9, 1. గుణిస్తూ పోతే చివరికి 10. అసలు సంఖ్యకు −1046 అని వచ్చింది కదా, 11తో అది −1, అంటే 10. సరి. 9091 పెట్టి ఉంటే 6 వచ్చేది. పక్కపక్క అంకెలు తారుమారైతే 11 పట్టుకుంటుంది. ఒకటి వదిలి ఒకటి తారుమారైతే, అంటే 524ను 425 అని రాస్తే, అదీ పట్టుకోలేదు. అలాంటప్పుడు 7 గానీ 13 గానీ కావాలి.

ధాన్యం లెక్కల్లో కూడా ఈ బుద్ధి పనికొస్తుంది. నిండు పుట్లు మాత్రమే తూచినట్టయితే మొత్తం కిలోలు 850కి గుణిజం కావాలి. చివర 50 గానీ 00 గానీ ఉండాలి, 50తో భాగించగా వచ్చింది 17వ ఎక్కంలో ఉండాలి. 14,450 అంటే 289 యాభైలు, 17 × 17, సరిగ్గా పదిహేడు పుట్లు. 14,540 అని రాసి ఉంటే చివరి 40 చూడగానే తెలిసిపోతుంది. 14,550 అయితే 291, పదిహేడుతో పోదు.

కంప్యూటర్‌లో చేసేవాళ్ళకు రెండు మాటలు. ఎక్సెల్‌లో పన్నెండంకెల సంఖ్య కొడితే గడిలో 5.24E+11 అని కనబడుతుంది. సంఖ్య పోలేదు, గడి ఫార్మాట్‌ను నంబర్‌కు మారిస్తే వస్తుంది. పదిహేను అంకెలు దాటితే మాత్రం నిజంగానే పోతుంది, పదహారో అంకె నుంచి సున్నాలు పడతాయి. అలాంటి సంఖ్య మీద అక్కడ ఏ పరీక్ష చేసినా వ్యర్థం. పైథాన్‌లో ఆ హద్దు లేదు, కానీ ఒక గీత (/) భాగహారం దశాంశంలోకి మార్చేస్తుంది. పెద్ద సంఖ్యలకు రెండు గీతల (//) భాగహారం, శేషానికి శాతం గుర్తు (%) వాడాలి. లినక్స్ ఉంటే ఫ్యాక్టర్ అనే ఆదేశం పన్నెండంకెల దాన్ని ఎంటర్ నొక్కేలోపే విప్పేస్తుంది.

చేత్తో ఒకసారి చేసి చూసుకోవడానికి కందుకూరు పిన్ రెండుసార్లు రాయండి: 523105523105. ఒకట్ల స్థానంలో 5 ఉంది, ముక్కలు రెండూ ఒకటే. మూడేసి ముక్కలతో మార్చి మార్చి చేస్తే −836 వస్తుంది. 11 × 76 = 836 కనక 11తో పోతుంది. ఇక మిగిలిన నాలుగంకెల సంఖ్యకు 97 దాకా చూస్తే సరి. జవాబు 5 × 11 × 101 × 9511 × 9901, భాజకాలు 32.